జార్జ్ జోన్స్ "హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే" విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నాలుగు రోజుల నుంచి వదలట్లేదు

గోదారి_పిల్లోడు (కాకినాడ, ఇప్పుడు టెక్సాస్)

అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఎప్పుడూ పాత పాటల చర్చలు చదువుకుని వెళ్ళిపోయేవాణ్ణి, మొదటిసారి నేనే ఒకటి మొదలుపెడుతున్నా. నేను బ్యూమాంట్‌లో రిఫైనరీలో చేస్తా, షిఫ్ట్ డ్యూటీ. నా కారు షెడ్డులో ఉందని వారం నుంచి మాతో పనిచేసే ఒక పెద్దాయన పికప్‌లో వెళ్తున్నా. మొన్న తెల్లారుజామున ఐదుంబావుకి గేటు దగ్గరికి వచ్చేశాం, బండి పెట్టేశాడు, కానీ దిగట్లేదు. రేడియోలో ఏదో పాట వస్తోంది. నేను డోరు తీయబోతుంటే స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకెత్తాడు, ఆగు అన్నట్టు. ఆగాను. పాట అయిపోయింది, రేడియో కట్టేశాడు, తాళం జేబులో వేసుకున్నాడు, లంచ్ డబ్బా తీసుకుని ఒక్క ముక్క మాట్లాడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రోజూ బేస్‌బాల్ గురించి వాగుతూనే ఉండే మనిషి అండి.

ఆ పాట ఇదే. జార్జ్ జోన్స్ అనే అమెరికన్ కంట్రీ గాయకుడు పాడాడు (కంట్రీ అంటే అక్కడి పల్లెల నుంచి వచ్చిన పాటల బాణీ), 1980లో వచ్చింది. కథ తెలియనివాళ్ళకి చెప్తాను. ఒకడు ఒకావిడతో నిన్ను చచ్చేదాకా ప్రేమిస్తూనే ఉంటా అంటాడు. రోజులు గడిస్తే నువ్వే మర్చిపోతావులే అంటుంది ఆవిడ. ఏళ్ళు గడుస్తాయి, గోడ మీద ఆవిడ ఫోటో, మంచం పక్కన 1962 నాటి ఉత్తరాలు, అందులో ప్రేమిస్తున్నా అని రాసిన ప్రతి చోటా ఎర్ర గీత గీసి పెట్టుకుంటాడు. ఇవాళ వాణ్ణి చూసొచ్చాను, కన్నీళ్ళు లేవు, మంచి బట్టలేసుకుని ప్రయాణానికి తయారై ఉన్నాడు, ఎన్నో ఏళ్ళకి మొహంలో నవ్వు చూశాను అంటాడు పాడేవాడు. నేను మొదటిసారి విన్నప్పుడు నిజంగానే అమ్మయ్య వీడు తేరుకున్నాడు ఎక్కడికో ఊరెళ్తున్నాడు అనుకున్నానండి. తర్వాత లైన్లో గుమ్మానికి పూలచక్రం కట్టారు అంటాడు. అప్పుడు తెలిసింది, వాడు పోయాడని. ఒళ్ళు జలదరించింది.

మీరు విన్నారా? మీకేమనిపించింది?

పాతరేడియో (విజయవాడ)

బాబూ, బ్యూమాంట్‌లో ఉండి ఈ పాట అడుగుతున్నావు, సంతోషం. జోన్స్ మీ చుట్టుపక్కల మనిషే. 1931లో సారటోగా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, అది మీకు దగ్గరే, అడవి ప్రాంతం. పిల్లవాడుగా ఉన్నప్పుడు బ్యూమాంట్ వీధుల్లోనే గిటార్ పట్టుకుని పాడి చిల్లర సంపాదించాడు. వాళ్ళ నాన్న తాగుబోతు, అర్ధరాత్రి వచ్చి నిద్రపోతున్న పిల్లల్ని లేపి పాడమనేవాడు, పాడకపోతే దెబ్బలు. అంటే ఈయన పాట నేర్చుకున్నదే భయంలో నాయనా. ఆ గొంతులో ఉండే వణుకు ఊరికే వచ్చింది కాదని నేననుకుంటాను.

మాకు ఆ రోజుల్లో షార్ట్‌వేవ్‌లో అప్పుడప్పుడూ కంట్రీ పాటలు వచ్చేవి, గరగరమంటూ వచ్చీరాకుండా. మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ ఏడుస్తున్నాడని మాత్రం తెలిసేది.

స్టూడియో_చెవులు (హైదరాబాద్)

ఈ పాట గురించి మా ఫీల్డులో కథలు కథలుగా చెప్పుకుంటారు. రాసింది ఇద్దరు, బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్. ప్రొడ్యూసర్ బిల్లీ షెరిల్. జోన్స్‌కి ఈ పాట అస్సలు నచ్చలేదు, మరీ పొడుగు, మరీ చావు పాట, ఎవడూ కొనడు అన్నాడు. పైగా ట్యూన్ పట్టుబడక క్రిస్ క్రిస్టోఫర్సన్ రాసిన ఇంకో పాట ట్యూన్‌లోకి జారిపోతూ ఉండేవాడట, షెరిల్ మళ్ళీ మళ్ళీ లైన్లోకి తెచ్చేవాడు. మధ్యలో పాడకుండా మాటల్లా చెప్పే నాలుగు లైన్లు ఉన్నాయి కదా, ఆవిడ ఆఖరిసారి చూడ్డానికి వచ్చింది అనే చోటు, అది చెప్పడం ఇంకా కష్టమైంది. ఎందుకంటే జోన్స్ అప్పట్లో ఫుల్లుగా తాగుతున్నాడు, పాడేటప్పుడు మత్తు బయటపడదు కానీ మామూలుగా మాట్లాడితే నాలుక మడతపడేది. షెరిల్ చెప్పిన ప్రకారం మొదటి చరణం రికార్డ్ చేసినదానికీ ఆ మాటలకీ మధ్య 18 నెలలు గడిచాయి. వినేటప్పుడు ఆ అతుకు ఎక్కడైనా తెలుస్తుందేమో అని నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసార్లు వెతికాను. తెలీదు.

ఇంకోటి, అసలు ఆవిడ వచ్చే భాగం రైటర్స్ మొదట ఇచ్చిన పాటలో లేదు. షెరిల్ పట్టుబట్టి, చాలాసార్లు తిరగరాయించి పెట్టించాడు. ఆ నాలుగు లైన్లు తీసేసి చూడండి, మంచి పాటే, కానీ ఒక్కడి కథగా మిగిలిపోతుంది.

వీణతీగ

నేను మాటలకంటే ముందు ఆ తీగకి పడిపోయాను. వెనక మూలుగుతున్నట్టు వినిపిస్తుంది చూడండి, అది పెడల్ స్టీల్ గిటార్, ఈ పాటలో పీట్ డ్రేక్ వాయించాడు. మామూలు గిటార్‌లా ఒళ్ళో పట్టుకునేది కాదు, బల్లలాగా ముందు పెట్టుకుని కూర్చుంటారు, సాధారణంగా పది తీగలు, ఎడమ చేతిలో నున్నటి ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద జరుపుతారు. మెట్ల మీద నొక్కడం ఉండదు కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారు వేసుకుంటూ పోవచ్చు. వీణలో మనం తీగని పక్కకి లాగి గమకం పలికిస్తాం, ఇక్కడ కాళ్ళ కింద పెడల్స్, మోకాళ్ళ పక్కన లివర్లు ఆ పని చేస్తాయి.

అసలు గొప్పతనం ఎక్కడంటే, పెడల్ తొక్కితే ఆ పెడల్‌కి కట్టిన తీగలే పైకి లేస్తాయి, మిగతా తీగలు ఉన్నచోటే ఉంటాయి. అంటే మూడు స్వరాలు కలిసి మోగుతుంటే రెండు కదలకుండా నిలబడి ఉంటాయి, ఒక్కటి మాత్రం వాటి మధ్యలోంచి మెల్లిగా మూలుగుతూ లేస్తుంది. చుట్టూ అందరూ మామూలుగానే ఉంటే ఒక్కళ్ళ గొంతే పూడుకుపోయినట్టు ఉంటుంది. వీణ మీద నేను ఇది చేయలేను, నాకు ఒక తీగ లాగితే ఆ తీగే. మన గోటువాద్యం దగ్గరగా వస్తుంది, మెట్లు లేకుండా చేతిలో దిమ్మతో జరుపుతూ వాయిస్తారు కాబట్టి. కానీ ఈ నిలబడే తీగలు, కదిలే తీగ కలిపి వినిపించే బాధ మాత్రం పెడల్ స్టీల్‌ది మాత్రమే.

కొత్తచినుకు

నాకు కంట్రీ మ్యూజిక్ అంటే ఏమీ తెలీదు, పైన చదివి ఇప్పుడే విన్నా. రెండోసారి వినలేకపోయా. మూడు నెలల క్రితం నాకు ఒకరితో తెగిపోయింది, నేను కూడా చాట్స్ డిలీట్ చేయలేదు, రోజూ పాతవి చదువుతున్నా. ఆ ఎర్ర గీతలు అన్నచోట ఆపేశా.

గోదారి_పిల్లోడు

అయ్యో, సారీ అండి, ఈ పాట పెట్టి మిమ్మల్ని బాధపెట్టినట్టున్నా.

కొత్తచినుకు

లేదండి. ఏడవడం అవసరమే అనిపించింది. ఇన్నాళ్ళూ ఏడుపు రాలేదు.

తుమ్మెద (అనంతపురం / బెంగళూరు)

నేను కొంచెం ఎదురు మాట్లాడతా, ఎవరూ కోప్పడొద్దండి. పాట గొప్పదే. జోన్స్ గొంతు వింటే రాయి కూడా కరుగుతుంది. కానీ ఆ కథలో ఆమె గురించి ఎవరన్నా ఆలోచించినారా? వద్దు అనింది, మర్చిపోతావులే అని చెప్పి పోయింది. వాడు ఇరవై ఏళ్ళు ఆ ఉత్తరాలు పక్కన పెట్టుకొని సగం పిచ్చోడై పోయినాడు. ఆఖరికి సచ్చిపోతే ఊరందరూ వస్తుందా రాదా అని ఆమె కోసం చూస్తా ఉంటారంట. ఎంత బరువబ్బా అది ఒక మనిషి నెత్తిన. నేను కాలేజీలో ఉన్నప్పుడు నా వెనక పడినోడు ఒకడు, నేను వద్దంటే వాడు అన్నం మానేసినాడు, వాళ్ళ ఫ్రెండ్స్ అంతా వచ్చి పాపం వాడు, పాపం వాడు అని నన్నే చూసేవాళ్ళు. నేనేమి చేసినా? వద్దన్నా, అంతే కదా. ఇట్లాంటి పాటలు విన్నప్పుడంతా ఆ చూపులు గుర్తొస్తాయి నాకు.

పాతరేడియో

తల్లీ, నువ్వన్నది నిజం. మా తరం ఇలా ఆలోచించలేదు. విరహంలో మగవాడు చచ్చిపోతే అది గొప్ప ప్రేమ అనే పెరిగాం, పాటల్లో, సినిమాల్లో అంతా అదే. ఆ అమ్మాయి పక్కన నిలబడి చూడాలని ఎవరూ చెప్పలేదు మాకు.

స్టూడియో_చెవులు

తుమ్మెద గారు, ఒక్క విషయం మాత్రం చెప్తాను. పాట మళ్ళీ వింటే గమనించండి, ఆవిణ్ణి ఎక్కడా ఒక్క మాట అనదు. మోసం చేసిందనీ, వదిలేసిందనీ, రాతిగుండె అనీ, ఏమీ లేదు. ఎందుకు వెళ్ళిపోయిందో కూడా చెప్పదు. కంట్రీలో అవతలి మనిషిని తిట్టే పాటలు బోలెడు ఉన్నాయి, ఇది అది కాదు. కథ చెప్పేది కూడా ఆ ప్రేమించినవాడు కాదు, వాడి స్నేహితుడెవరో. అందుకే వాదన లేదు, సాక్ష్యం మాత్రమే ఉంది.

తుమ్మెద

అవును, అది నేను గమనించలేదు. సరే ఒప్పుకుంటా. ఇంకొకటి కూడా చూసినా ఇప్పుడు. ఇదే ఇద్దరు రైటర్స్, బ్రాడక్, పుట్‌మన్, 1968లో టామీ వైనెట్‌కి ఒక పాట రాసినారు, "డి ఐ వి ఓ ఆర్ సి ఇ". విడాకులు అనే మాట పిల్లోడికి అర్థం కాకూడదని ఆ తల్లి అక్షరం అక్షరంగా విడగొట్టి చెప్తా ఉంటుంది పాటంతా. అది విన్నాక ఈ రైటర్స్‌కి ఆడదాని వైపు తెలీదని మాత్రం నేను అనలేను. ఆ తల్లి ఆ మాటని నోట్లోనే ముక్కలు చేసుకుంటుంది పిల్లోడి కోసం. నాకైతే వాడి ఎర్ర గీతలకంటే ఈమె అక్షరాలే ఎక్కువ గుచ్చుకున్నాయి.

టామీ వైనెట్ ఎవరో తెలుసు కదా, జోన్స్ భార్య. 1969లో పెళ్ళి, 1975లో విడాకులు. ఈ పాట వచ్చేసరికి విడిపోయి ఐదేళ్ళు. అందుకే జోన్స్ ఆమెను తలుచుకొనే పాడినాడని అందరూ అనుకొన్నారు.

నాష్‌విల్_దారి

టామీ గురించి ఇంకో విషయం. విడాకుల తర్వాత కూడా ఇద్దరూ కలిసి పాడారు, 1976లో వాళ్ళ జంట పాట ఒకటి నంబర్ వన్ కూడా అయింది, అది ఒక పెళ్ళి ఉంగరం కథ. ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూడలేక విడిపోయినవాళ్ళు ఒకే పాటలో ఒక్కటైన గొంతుతో పాడారు. నేను అది కార్లో విన్నప్పుడల్లా మా అమ్మానాన్న గుర్తొస్తారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు, కానీ శనివారం వెంకటేశ్వరస్వామి గుళ్ళో భజనలో మాత్రం పక్కపక్కనే కూర్చుని శ్రుతి కలుపుతారు.

పాతరేడియో

ఆ మాట చాలా బాగా చెప్పావు.

సిరిసిల్ల_మగ్గం

గీ ముచ్చట రెండు రోజులసంది సదువుతున్న, రాద్దామా వద్దా అని ఆగిన. తుమ్మెదక్క అన్న మాటకు నాకు మా ఇంట్ల ముచ్చట యాదికొచ్చింది, అందుకే రాస్తున్న.

మా చిన్నాయన పెండ్లికాక ముందు భివండి పోయిండు సాంచల పనికి, అంటే మరమగ్గాల పనికి. మా దిక్కు చానామంది పోయేటోళ్ళు అప్పట్ల, ఇప్పుడు గూడ పోతరు. ఆడ ఒక పిల్లతోని మనసు కలిసింది, మనోళ్ళే, పద్మశాలోళ్ళే, గని వాళ్ళింట్ల ఒప్పుకోలే. ఇగ ఊరికొచ్చిండు, మా చిన్నమ్మను చేసుకున్నడు, ఇద్దరు పిల్లలు, సాంచలు వెట్టుకున్నడు. మంచిగనే బతికిండు. చిన్నమ్మను ఒక్కనాడు ఒక్క మాట అన్లే.

గని ఆ పిల్ల రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్లు రేకుపెట్టెల ఉండె. ఇంట్ల అందరికి ఎరుకే, ఎవ్వరు మాట్లాడరు. ఏటేట దసరాకు ముందు ఇల్లు సున్నం కొట్టేటప్పుడు చిన్నమ్మ ఆ పెట్టె బయటికి తీస్తది, పట్టుచీరెలు, పిల్లల స్వెట్టర్లు అన్ని నులక మంచం మీద ఎండకు ఆరేస్తది. ఆ లెటర్లు గూడ. నీలం కాయితాలు, మడతల కాడ చినిగినయి, గాలికి ఎగిరిపోకుంట ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క కంకర రాయి పెడ్తుండె. చిన్నమ్మకు సదువు రాదు. పొద్దుమీకినంక మల్ల ఎట్ల ఉన్నయో గట్లనే మడతవెట్టి, డాంబర్ గోళీలు ఏసి, పెట్టెల పెడ్తుండె. అంతసేపు మా చిన్నాయన లోపల సాంచ కాడనే ఉంటుండె. సాంచల సప్పుడు ఆగకపోతుండె ఆ పూట.

2016ల పోయిండు. ఆ పెట్టె ఇంకా చిన్నమ్మ కాడనే ఉన్నది. ఆ భివండి ఆమె రాలే. ఆమెకు కబురు పోయిందో లేదో గూడ మాకు తెల్వది.

గీ పాటల అన్నిటికన్న నాకు గుచ్చుకున్నది అదే. వస్తదా రాదా అని అందరు అనుకున్నం అంటడు జూడు. మేం గూడ అనుకున్నం. చిన్నమ్మ గూడ గుమ్మం దిక్కే చూసింది, నేను కండ్లార చూసిన.

వీణతీగ

అన్నా... ఏం రాయాలో తెలియట్లేదు. ఆ కంకర రాళ్ళు.

తుమ్మెద

నేను ఆమె గురించి ఎవరన్నా ఆలోచించినారా అని అడిగినా కానీ ఈ మూడో ఆమె నా తలలోకే రాలేదు. చిన్నమ్మకు నా నమస్కారం చెప్పన్నా.

గోదారి_పిల్లోడు

సిరిసిల్ల అన్నా, డ్యూటీలో బ్రేక్ టైంలో చదివాను, మళ్ళీ కంట్రోల్ రూంలోకి వెళ్ళడానికి ఐదు నిమిషాలు పట్టింది. థాంక్యూ అన్నా, రాసినందుకు.

ఒకటి అడగాలనిపిస్తోంది అందరినీ. ఈ పాట పేరు తెలుగులో ఎలా చెప్పాలి? మా అమ్మకి ఫోన్లో కథ చెప్దామని "ఇవాళ ఆవిణ్ణి ప్రేమించడం మానేశాడు" అన్నాను, మానేస్తే మంచిదేగా అంది.

పాతరేడియో

అమ్మగారు అన్నది సరిగ్గా ఆ పాట కోరుకున్నదే నాయనా! పేరు వినగానే మంచిదేగా అనుకోవాలి, ఆఖరికి గుండెలో దిగాలి. కానీ మానేశాడు అనేది సిగరెట్ మానేసినట్టు ఉంది. "ఇవాళ్టితో ఆమెను మరిచాడు" అంటే?

సిరిసిల్ల_మగ్గం

ఇయ్యాలటికి మరిచిండు. మా దిక్కు అయితే గిట్లనే అంటం.

వీణతీగ

పేరు సంగతి ఏమో కానీ మధ్యలో ఆ బట్టలేసుకుని ప్రయాణానికి తయారయ్యాడు అనే చోటు తెలుగులో ఇంగ్లీషు కన్నా బాగా కుదురుతుంది చూడండి. మనకి సాగనంపడం అంటే రెండూ. పెళ్ళికూతుర్ని సాగనంపుతాం, పోయినవాళ్ళని సాగనంపుతాం. వెళ్ళిపోయాడు అన్నా రెండూ. కొత్తబట్టలు కట్టి, బొట్టు పెట్టి, పూలదండ వేసి, మోసుకెళ్ళడం. "ఇవాళ వాణ్ణి సాగనంపారు" అని చెప్తే వినేవాళ్ళకి ఒక్క క్షణం ఎటు సాగనంపారో తెలీదు. ఆ ఒక్క క్షణమే కదా పాటంతా.

స్టూడియో_చెవులు

అబ్బ. ఇది నిజంగా పట్టుకున్నారు మీరు.

సౌండ్ వైపు నుంచి దీనికి తోడు ఒకటి చెప్తా. ఆ క్షణం దాకా షెరిల్ వయొలిన్లని దాదాపు దాచిపెట్టేశాడు. పూలచక్రం అన్నాక, మోసుకెళ్తున్నారు అన్నప్పుడు ఒక్కసారిగా లేపుతాడు. తర్వాత ఆ మాటల దగ్గర వెనక ఒక ఆడగొంతు, మాటలు లేకుండా పైస్థాయిలో, అది మిల్లీ కిర్కమ్. ఆవిడ వచ్చింది అని జోన్స్ చెప్తుంటే నిజంగా ఎవరో గదిలోకి వచ్చినట్టు ఉంటుంది. పాటలో ఆమెకి ఒక్క మాట కూడా లేదు, కానీ గొంతు ఉంది.

జోన్స్ మాత్రం ఎక్కడా ఏడవడు. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సంగతి. అతను పళ్ళు బిగబట్టి పాడతాడు, నోరు పెద్దగా తెరవడు, అచ్చుల్ని లోపలే నలిపి వంచుతాడు. ఏడుపు లోపలికి నెట్టేస్తున్న మనిషి ఎలా మాట్లాడతాడో అలా. కొత్తగా పాడేవాళ్ళు ఈ పాటని కవర్ చేసేటప్పుడు గొంతు వణికించి, వెక్కి, నానా హంగామా చేస్తారు, అప్పుడు నాకు ఏమీ అనిపించదు. పాడేవాడే ఏడ్చేస్తే వినేవాడికి పనేముంది.

పాతరేడియో

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. మన పల్లెల్లో చావు దగ్గర ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు, పోయినవాళ్ళ గుణగణాలు ఎత్తి ఎత్తి, మా ఇంట్లో మా మేనత్త ఏడుస్తుంటే ఊరంతా కంటతడి పెట్టేది. అందులో దాచిపెట్టడం ఏమీ లేదు, అంతా బయటికే. అదీ నిజమైన పాటే. బిగబట్టడం ఒక దారి, బయటపెట్టడం ఇంకో దారి.

స్టూడియో_చెవులు

ఒప్పుకుంటా మాస్టారు. ఈ పాటకి అని చెప్పుకోవాల్సింది, అన్ని పాటలకీ అన్నట్టు రాశా.

కొత్తచినుకు

ఇవాళ పూర్తిగా విన్నా, మూడుసార్లు. ఒక ప్రశ్న. వాడు బాగుపడి ఉంటే బాగుండేది కదా? జోన్స్ అయినా బాగుపడ్డాడా?

నాష్‌విల్_దారి

బాగుపడ్డాడండి, చెప్తా వినండి. ఈ పాట వచ్చే నాటికి అతని పరిస్థితి ఘోరం. తాగుడు, కొకైన్, అప్పులు, షోలకి రాకపోవడం, పేరే నో షో జోన్స్ అని పడిపోయింది. సోలోగా నంబర్ వన్ పాట వచ్చి ఏళ్ళు గడిచిపోయాయి. 1980 జులైలో ఇది కంట్రీ చార్టులో పైకి వెళ్ళింది, గ్రామీ వచ్చింది, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళు 1980లో ఒకసారి, 1981లో మళ్ళీ ఇదే పాటకి ఆ ఏటి ఉత్తమ గీతం ఇచ్చారు. నాలుగు దశాబ్దాల నా కెరీర్‌ని మూడు నిమిషాల పాట కాపాడింది అని ఆయనే చెప్పుకున్నాడు. కానీ తాగుడు వెంటనే పోలేదు. 1983లో నాన్సీ అనే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ పట్టు వదలకుండా నిలబడింది. 1999లో కారు ప్రమాదంలో చావు దాకా వెళ్ళొచ్చాక పూర్తిగా మానేశాడు. 81 ఏళ్ళు బతికాడు. అంటే పాటలో మనిషిలా కాలేదు. ఆ పాట తర్వాత ముప్ఫై ఏళ్ళకి పైగా ఉన్నాడు.

2013 ఏప్రిల్లో పోయాడు, మే 2న ఇక్కడ నాష్‌విల్‌లో కంట్రీ పాటలకి పేరున్న వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీ హౌస్‌లో వీడ్కోలు. నేను అప్పటికి ఇక్కడికి కొత్తగా వచ్చా, టీవీలో లైవ్ చూశా. చివర్లో అలన్ జాక్సన్ అనే కంట్రీ గాయకుడు ఈ పాటే పాడాడు. పూలచక్రం గురించిన పాటని నిజంగా పూలచక్రాల మధ్య పాడటం. అయిపోయాక టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. మా రూమ్మేట్స్ నలుగురం తెలుగువాళ్ళమే, జోన్స్ ఎవరో ఆ రోజు పొద్దున దాకా మాకు తెలీదు, అందరం అన్నం కంచాలు పట్టుకుని అలాగే ఉండిపోయాం. ఇప్పుడు ఆయన సమాధి ఇక్కడే వుడ్‌లాన్‌లో ఉంది, ఎవరైనా నాష్‌విల్ వస్తే నేను తీసుకెళ్తా.

కొత్తచినుకు

థాంక్యూ. ముప్ఫై ఏళ్ళు అన్నమాట చదివి ఊపిరి పీల్చుకున్నా. చాట్స్ ఇంకా డిలీట్ చేయలేదు, కానీ ఇవాళ చదవలేదు.

తుమ్మెద

డిలీట్ చేయకపోయినా పర్లేదు చెల్లీ. రాత్రి పూట ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టు, నేను ఎట్లాగూ ఒంటిగంట దాకా మేలుకొనే ఉంటా.

గోదారి_పిల్లోడు

ఇవాళ నా కారు షెడ్డు నుంచి వచ్చేసింది. అయినా కావాలనే పెద్దాయన పికప్‌లోనే వెళ్ళా. దారిలో ధైర్యం చేసి అడిగా, ఆ పాటంటే మీకు ఎందుకంత ఇష్టం అని. చాలాసేపు రోడ్డు చూశాడు. మా నాన్నకి ఇష్టం అన్నాడు, అంతే. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. గేటు దగ్గర దిగుతుంటే మాత్రం మీ దేశంలో ఇలాంటి పాటలు ఉంటాయా అన్నాడు. నేను సిరిసిల్ల అన్న చిన్నాయన కథ చెప్పా, పేర్లు లేకుండా, రేకుపెట్టె, ఎండ, రాళ్ళు. అన్నా మీరు ఏమనుకోరనుకుంటున్నా. ఆయన లంచ్ డబ్బా మళ్ళీ సీటు మీద పెట్టి పూర్తిగా విన్నాడు. ఆవిడ ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను.

సిరిసిల్ల_మగ్గం

ఏమనుకుంట తమ్మీ, మంచి పనే చేసినవ్.

నేను గూడ నిన్న ఊరికి పోయిన. చిన్నమ్మకు గీ పాట ఇనిపిచ్చిన ఫోన్ల. ఇంగ్లీషు తెల్వది గద, ఊకె ఇన్నది, ఆ మూలుగు తీగ మంచిగున్నది అన్నది. అక్కా వీణతీగా, నీకు చెప్పుమన్నట్టే అన్నది. తర్వాత కథ మొత్తం మన మాటల్ల చెప్పిన. గోడకు ఫోటో, ఎర్ర గీతలు, కొత్తబట్టలు, సాగనంపుడు, ఆమె ఆఖరుసారి సూడ వచ్చుడు. కండ్లల్ల నీళ్ళు తియ్యలే. చాట్ల బియ్యం ఏరుకుంట ఏరుకుంట ఇన్నది. అయిపోయినంక ఒక్కటే అడిగింది.

"ఆ వచ్చిన ఆమె పెనిమిటికి చెప్పి వచ్చిందా, చెప్పకుంట వచ్చిందా?"

గోదారి_పిల్లోడు

ఇప్పుడే మళ్ళీ మొదటి నుంచి విన్నా అన్నా. పాటలో ఆ సంగతి లేదు.